ఎరుకతో గుడ్డు

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అని సామెత. సామెతలకు ప్రభుత్వ ఉత్తర్వుల అండ లేదు కాబట్టి వాటిని రద్దు చేయడం చాలా తేలిక. ఈ జనవరి చివర్లో పైవాళ్ళు మొదటి సగాన్ని రద్దు చేశారు. ఇకనుంచి ఆకలికి రుచి తెలిసి తీరాలన్నారు. రెండో సగం సంగతి పరిశీలనలో ఉందని విన్నాను.

ఉత్తర్వు మా ఉప్పలదిన్నె ఉన్నత పాఠశాలకు పొద్దున ప్రార్థన జరుగుతుండగా ఫోనులో వచ్చింది. హెడ్మాస్టరమ్మ సుగుణావతి గారు జాతీయగీతం అయిందాకా ఓపిక పట్టి, చదివి, ఫోను నా చేతికిచ్చారు. నేను హిందీ పండితుణ్ణి, పేరు ఖాజావలీ. బడిలో ఏ సబ్జెక్టుకూ చెందని పని ఏదొచ్చినా అది హిందీ పండితుడికి చెందుతుంది. మరుగుదొడ్ల ఫొటోలు పంపేది నేనే, నులిపురుగుల మాత్రలు మింగించేది నేనే. పిల్లల బూట్లకు కొలతలు తీసి పంపేదీ నేనే. మిగిలిన టైములో హిందీ.

ఉత్తర్వు ఇలా ఉంది: "విద్యార్థులు మధ్యాహ్న భోజన సమయమున పరధ్యానముగా తినుచున్నట్లు ప్రభుత్వము వారి దృష్టికి వచ్చినది. గతమును గూర్చి గాని భవిష్యత్తును గూర్చి గాని తలంచుచు ముద్ద మింగుట వలన పోషక విలువలు వృథా యగుచున్నవి. కావున విద్యార్థులందరును వర్తమాన క్షణమునందు ఉండి, ప్రతి ముద్దను ఎరుకతో భుజించవలెను. వర్తమానమునందు ఉండుట వచ్చే నెల ఒకటవ తేదీ నుండి అమలులోకి వచ్చును."

కింద ఇంకో ముక్క ఉంది. నిన్న వర్తమానంలో ఉన్న పిల్లల సంఖ్యను ఇవాళ సాయంత్రంలోగా పంపని బడులపై చర్య తీసుకుంటారట.

"ఒకటో తారీఖు దాకా ఎక్కడుండాలో రాయలేదు మేడమ్" అన్నాను.

"జోకులెయ్యకండి వలీ గారూ. నాకింకా రెండేళ్ళ సర్వీసుంది. వర్తమానంలో ఉండమన్నారు, ఉందాం. మనకేమన్నా బస్సు ఛార్జీలవుతాయా?" అన్నారావిడ. నిన్న ఎంతమంది ఉన్నారో తెలియదు కాబట్టి హాజరుపట్టీ చూసి, వచ్చినవాళ్ళందరూ ఉన్నారని పంపించాం.

వారం తిరక్కుండా మండల విద్యాధికారి పానకాలరావు గారు శిక్షణ ఇవ్వడానికి వచ్చారు. ఒకప్పుడు లెక్కల మాస్టారు. అప్పట్లో మనలాగే మాట్లాడేవారు. అధికారి అయ్యాక ఆయన నోట్లో మాటలకు కూడా ఇస్త్రీ పడింది. ఎక్కడో సముద్రం ఒడ్డున హోటల్లో రెండ్రోజులు శిక్షణ పొంది, ముక్కు కొన ఎండకు కమిలి తిరిగొచ్చారు.

"అక్కడ మాకు ఎండుద్రాక్షతో నేర్పారండి. ఒక్క ఎండుద్రాక్షను అరగంట సేపు తిన్నాం" అన్నారు. "అయితే పిల్లలందరికీ ఎండుద్రాక్ష సరఫరా చేయుటకు నిధులు లేవు. మన దగ్గర ఉన్నవాటిలో ఎండుద్రాక్షకు ఆకారరీత్యా సన్నిహితంగా ఉన్నది గుడ్డు. కాబట్టి గుడ్డుతో అమలుపరచవలసిందిగా నిర్ణయించడమైనది."

మధ్యాహ్నం పిల్లల్ని వరండాలో బారులు తీర్చి కూచోబెట్టాం. పళ్ళేల్లో అన్నం, పప్పు, పెంకుతో ఉన్న ఉడికించిన గుడ్డు. పానకాలరావు గారు మెట్లు చెప్పారు. ముందు గుడ్డును చూడాలి. తర్వాత తాకాలి. తర్వాత వాసన చూడాలి. తర్వాత చెవి దగ్గర పెట్టుకుని వినాలి. ఈ నాలుగూ అయ్యాకనే తినాలి. పిల్లలు చూశారు, తాకారు, వాసన చూశారు. చెవి దగ్గర పెట్టుకున్నాక ఎనిమిదో తరగతి కుర్రాడొకడు చెయ్యెత్తాడు.

"ఏం ఇనపడట్లా సార్."

"అదే నాయనా. వినపడకపోవడాన్ని వినాలి."

వాడు ఇంకాసేపు విన్నాడు. "అదీ ఇనపడట్లా సార్" అన్నాడు.

వంట చేసే దీనమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "ఈళ్ళు గుడ్డుని చూసేలోపల పప్పు గడ్డకట్టింది మాస్టారూ. పప్పునెవరు చూస్తారు?" అని నన్నడిగింది. పప్పు మీద ఉత్తర్వు రాలేదని చెప్పాను.

చూస్తే సరిపోదు, చూసినట్టు రుజువుండాలి. దానికొక యాప్ ఇచ్చారు. గుడ్డు చూస్తున్న పిల్ల ఫొటో ఒకటి తినకముందు ఎక్కించాలి. తిన్న తర్వాత ఖాళీ పళ్ళెం, పక్కన పెంకులు కనబడేలా ఇంకొకటి ఎక్కించాలి. ఆ రెండింటికీ మధ్య గడిచిన కాలమే ఆ పిల్ల ఎరుక. ఎంత కాలం గడిస్తే అంత ఎరుక. పిల్ల ముఖంలో ఎరుక ఉందో లేదో కూడా యాపే చూసి చెబుతుంది. మొదటి రోజు సగం మందికి పైగా "ఆత్రుత కనబడినది, మళ్ళీ ప్రయత్నించండి" అని వచ్చింది. పొద్దున్నే చద్దన్నం కూడా తినకుండా వచ్చిన పిల్లల ముఖంలో మధ్యాహ్నం పన్నెండున్నరకు గుడ్డు ఎదురుగా ఉంటే ఇంకేం కనబడుతుంది? కానీ పిల్లలు గట్టివాళ్ళు. నాలుగు రోజుల్లో కిటుకు పట్టేశారు. కనురెప్పలు సగం దించి, నోరు కొంచెం తెరిచి, ఎటో చూస్తున్నట్టు చూడాలి. యాప్ వెంటనే "సంపూర్ణ ఎరుక" అనేది. నా హిందీ క్లాసులో వాళ్ళు రోజూ పెట్టే ముఖం అదే.

ఇక వెంగమ్మ సంగతి చెప్పాలి. ఆరో తరగతి. బక్కపలచగా ఉంటుంది, పెద్దగా మాట్లాడదు. వాళ్ళది కనిగిరి అవతల. అక్కడ వానల్లేక, పోయినేడు అమ్మానాన్నా కాలవ గట్టున ఇటుక బట్టీలో పనికొచ్చి ఇక్కడే ఉండిపోయారు. వెంగమ్మకు ఒక తమ్ముడు. మాలకొండయ్య అని పేరు, కొండడంటారు. నాలుగేళ్ళుంటాయి. అంగన్‌వాడీకి పోతే వాడికీ గుడ్డు పెట్టాలి. అంగన్‌వాడీ టీచరు పెడదామనే అనుకుంది, ఆమె ఫోను ఒప్పుకోలేదు. కొండడి ఆధార్ పక్క జిల్లాలో ఉంది. కాబట్టి మా జిల్లాలో వాడికి ఆకలి వెయ్యకూడదు. అయినా వేసేది.

అందుకని వెంగమ్మ తన గుడ్డు తినేది కాదు. అన్నం తిని, గుడ్డు పెంకుతో సహా ఎడమ బూటులో పెట్టుకుని ఇంటికి పట్టుకెళ్ళేది. ఆ బూట్లు నేను కొలత తీసి పంపినవే. కొలతతో ఏ సంబంధమూ లేకుండా వచ్చాయి. అవి వేసుకుని నడవడం ఆ పిల్ల వల్ల కాదు. అలాగని ఇంట్లో వదిలేసి వస్తే బూట్లు తేలేదని రాసుకుంటారు. అందుకని రోజూ చేత్తో పట్టుకొచ్చి చేత్తో పట్టుకెళ్ళేది. గుడ్డు పట్టుకెళ్ళడానికి మాత్రం ఆ కొలత చక్కగా సరిపోయింది. ఇదంతా నాకు తెలుసు. చూసీ చూడనట్టు ఉండటం నా ఉద్యోగంలో నేను శ్రద్ధగా చేసే పని.

ఎరుక వచ్చాక ఈ దారి మూసుకుపోయింది. పెంకులు చూపించాలి కదా. మొదటి రోజు పిల్లలందరూ గుడ్లు తినేశారు, వెంగమ్మ ఒక్కతే చూస్తూ కూచుంది. నేను ఫోను పట్టుకుని కాసేపు నిలబడ్డాను. ఆ పిల్ల గుడ్డునీ చూసింది, నన్నూ చూసింది. బెల్లు కొట్టారు. నాకు ఏడో తరగతికి క్లాసుంది. వెళ్ళిపోయాను. రెండో ఫొటో తియ్యలేదు. గుడ్డు బూటులోకి పోయింది.

మర్నాడు ఆ పిల్లకు మొదటి ఫొటో తీయబోతే యాప్ ఒప్పుకోలేదు. "ఈ విద్యార్థిని ధ్యానంలో ఉన్నది. భంగం కలిగించరాదు" అని వచ్చింది. నిన్నటి గుడ్డు తిన్నట్టు రుజువు లేదు కాబట్టి ఇంకా చూస్తూనే ఉన్నట్టు లెక్క. రోజుకో గుడ్డు వస్తోంది, పిల్లకు ఫొటో బాధ లేదు, బూటుకు పని ఉంది. ఇంత చక్కగా పనిచేస్తున్నదాన్ని నేనెందుకు బాగుచేస్తాను? ఊరుకున్నాను.

వారం పది రోజులకు పానకాలరావు గారు ఫోను చేశారు.

"వలీ గారూ, మీ బడిలో ఒక బాలిక పోయిన వారం నుంచి గుడ్డు చూస్తోందట!"

"అంటే... అదీ..."

"ఇప్పుడు కూడా చూస్తోందా?"

"ఇప్పుడు లెక్కల క్లాసులో ఉందండీ."

"లెక్కల క్లాసులో ఉండి కూడా చూస్తోంది!" అన్నారాయన. "రాష్ట్రంలో ప్రథమ స్థానం వలీ గారూ! రెండో స్థానంలో ఉన్నవాడికి పావుగంట లేదు. అదీ గుడ్డు వేడిగా ఉండి ఆలస్యమైందట. పై నుంచి అడుగుతున్నారు, ఎవరీ బాలిక అని. ఇప్పుడే బయల్దేరి వస్తున్నాను."

వచ్చారు. రాగానే అసలు విషయం చెప్పేశాను. రెండో ఫొటో నేను తియ్యలేదనీ, పిల్ల గుడ్డును చూడటం కోసం కాదు, తమ్ముడికి పట్టుకెళ్ళడం కోసం ఆగుతోందనీ చెప్పాను. ఆయన రెండు చెవులూ మూసుకున్నంత పనిచేశారు.

"తమ్ముడికి పట్టుకెళ్ళడమంటే అది భవిష్యత్తు వలీ గారూ! పిల్ల వర్తమానంలో ఉందని నేను పైకి రాసేశాను. ఇంటికి పట్టుకెళ్ళేందుకు నిబంధన లేదు. చూసేందుకు ఉంది. చూడనివ్వండి."

ఆ రోజు నుంచి మొదలైంది. లైబ్రరీ గదిలో పుస్తకాలు తీసి బయటపెట్టి, బల్ల మీద పట్టు గుడ్డ పరిచారు. స్టీలు పళ్ళెంలో గుడ్డు, పళ్ళెం ఎదురుగా వెంగమ్మ. పక్క మండలాల టీచర్లు జీపులేసుకుని వచ్చి, చెప్పులు బయట విడిచి, లోపలికొచ్చి నిలబడేవాళ్ళు. పిల్ల గుడ్డును చూసేది. వాళ్ళు పిల్లను చూసేవాళ్ళు. ఒక పెద్దావిడ కళ్ళు తుడుచుకుని, "నా కూతురు ఫోను తప్ప ఇంకేం చూడదండీ" అంది. వాళ్ళు పోయాక గుడ్డును పిల్లకివ్వడానికి లేదు. ఇంతమంది చూసిన గుడ్డాయె. హెడ్మాస్టరమ్మ దాన్ని గాజు గిన్నెలో పెట్టి బీరువాలో తాళం వేసేవారు. మూడో రోజుకు బీరువా తెరవడానికి వీల్లేని వాసన వచ్చి, దీనమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని అన్నీ తీసుకెళ్ళి కాలవలో పారేసింది.

ఒక సాయంత్రం గేటు దగ్గర వెంగమ్మ నా కోసం నిలబడి ఉంది. చేతిలో బూట్లున్నాయి.

"ఎప్పటిదాకా చూడాల సార్?"

"పై నుంచి పెద్దాఫీసరొచ్చి చూసిపోయే దాకా."

"కొండడు రోజూ రోడ్డెక్కి నిలబడతన్నాడు సార్. నేను రాంగానే బూట్టో చెయ్యి పెట్టి చూస్తన్నాడు. ఏం లేకపోయేసరికి రెండో బూట్టో చూస్తన్నాడు. ఆ తర్వాత ఏడుస్తన్నాడు."

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద మండాలో తెలియక ఎదురు కొట్టుకు పోయి కోడిగుడ్డొకటి కొని ఆ పిల్ల చేతిలో పెట్టబోయాను. వెనక్కి జరిగింది.

"ఒద్దు సార్. నాది నాకుందిగా" అంది. "అంతసేపు చూసింది నేనైతే అది నాకియ్యాలి కదా."

కొన్న గుడ్డు జేబులో వేసుకుని మళ్ళీ బడిలోకి నడిచాను. హెడ్మాస్టరమ్మకు చెబితే ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఎడమ బూటేగా? నాకు తెలియదనుకున్నారా వలీ గారూ. ఇన్నాళ్ళూ అది గుడ్డు. ఇప్పుడది రికార్డు. రికార్డు మాయమైతే నా పెన్షను మాయమవుద్ది" అన్నారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. రెండేళ్ళ సర్వీసున్న మనిషి.

పెద్దాఫీసరు రానే వచ్చారు. ఎరుక విభాగం ప్రత్యేకాధికారి శశిధర్ గారు. బడి ఆవరణలో షామియానా వేశారు, తివాచీలు పరిచారు, "ఎరుకే ఆహారం" అని బ్యానరు కట్టారు. పన్నెండింటికి రావలసినవారు రెండింటికి వచ్చారు. ఆయన రాకుండా పిల్లలకు భోజనాలు పెడితే ఎరుక ఎవరికి చూపించాలని పానకాలరావు గారు ఆపేశారు. అన్నం గుండిగ మూత కింద, పిల్లలు ఎండ కింద కూచున్నారు.

శశిధర్ గారు చాలా మెత్తగా మాట్లాడతారు. మాటకూ మాటకూ మధ్య ఎంతసేపు ఆగుతారంటే, అయిపోయిందనుకుని మావాళ్ళు రెండుసార్లు చప్పట్లు కొట్టారు.

"మనం... అన్నం తింటున్నామా... లేక అన్నం మనల్ని..." అని ఆగారు. వెనక వరసలో ఎవరిదో కడుపు గుర్రుమంది. ఆయన సంతోషించారు. "వినండి. శరీరం మాట్లాడుతోంది."

అందరూ చెప్పులు, బూట్లు తివాచీ అంచున విడవాలన్నారు. ఫోన్లు కట్టెయ్యాలన్నారు. వెంగమ్మను వేదిక మీద చాప వేసి కూచోబెట్టారు. ఆఫీసరొస్తున్నాడని ఆ పిల్లకు ఆ పూట బూట్లు తొడిగించి నడిపించారు. చాప దగ్గరికొచ్చాక విప్పమన్నారు. ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి పక్కనే పెట్టుకుంది. ఎదురుగా స్టీలు పళ్ళెం, పళ్ళెంలో గుడ్డు.

పిల్ల చూడటం మొదలుపెట్టింది. నిజం చెప్పాలంటే ఆ చూపు చూస్తే ఎవరికైనా భయమేస్తుంది. గుడ్డు మీద నుంచి రెప్ప తిప్పలేదు. మధ్యమధ్య మాత్రం కనుకొనల్లోంచి ఆఫీసరునూ, పానకాలరావు గారినీ ఒకసారి చూసి మళ్ళీ గుడ్డు మీదికొచ్చేది. శశిధర్ గారు వెళ్ళి ఆ పిల్ల పక్కన మోకాళ్ళ మీద కూచుని, మైకు దగ్గర పెట్టారు.

"ఇన్నాళ్ళుగా చూస్తున్నావు కదా తల్లీ. ఏం చూస్తున్నావు? భయపడకు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

పానకాలరావు గారు నేర్పిన జవాబొకటుంది. అందులో విశ్వం అనే మాట రెండుసార్లు వస్తుంది. వెంగమ్మ అది చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నారు కాబట్టి చెప్పింది.

"మీరందరూ ఎప్పుడు కళ్ళు మూస్తారా అని చూస్తన్నా సార్."

మైకులో ఆ మాట ఊరి చివరిదాకా వినబడింది. పానకాలరావు గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. హెడ్మాస్టరమ్మ కొంగు బిగించి పట్టుకున్నారు. శశిధర్ గారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"విన్నారా?" అన్నారు లేచి నిలబడి. "పన్నెండేళ్ళ పిల్ల. మనం తెరిచిన కళ్ళతో ఏమీ చూడటం లేదని చెబుతోంది. కళ్ళు మూయండి, అప్పుడు చూస్తారు అంటోంది. నాకు ఇన్నేళ్ళ శిక్షణలో ఎవరూ ఈ మాట చెప్పలేదు." చేతులు పైకెత్తారు. "ఈ బాలిక గౌరవార్థం అందరం కళ్ళు మూసుకుందాం. అధికారులు, ఉపాధ్యాయులు, పత్రికలవారు, వంటవారు, అందరూ. నేను చెప్పేవరకూ ఎవరూ తెరవకూడదు. తెరిస్తే ఎరుక లేనట్టే."

మూసుకున్నాం.

షామియానా గుడ్డ గాలికి టపటపమంటోంది. ఎక్కడో కాకి అరిచింది. కాసేపటికి స్టీలు పళ్ళెంలో గుడ్డు దొర్లిన చప్పుడు చిన్నగా వచ్చి ఆగిపోయింది. గుడ్డును వినడమంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది. వేదిక మీద అందరికీ వినబడే ఉంటుంది. ఒక్కరూ కళ్ళు తెరవలేదు. తెరిస్తే ఎరుక లేనట్టు.

శశిధర్ గారు "తెరవండి" అన్నారు. తెరిచాం. పళ్ళెం ఖాళీగా ఉంది. వెంగమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని, రెప్పలు సగం దించి, నోరు కొంచెం తెరిచి కూచుని ఉంది. నా హిందీ క్లాసు ముఖం.

పానకాలరావు గారు చాప ఎత్తి చూశారు. వేదిక కింద చూశారు. బ్యానరు వెనక చూశారు. వెంగమ్మ బూట్ల మీదుగా రెండుసార్లు దాటారు. "గుడ్డు..." అన్నారు.

శశిధర్ గారు ఖాళీ పళ్ళేన్ని చూస్తూ నిలబడిపోయారు. ఆయన మామూలుగా ఆగే ఆగుడే అనుకున్నాం, కానీ ఇది ఇంకా పొడుగ్గా ఉంది. రాష్ట్రంలో ప్రథమ స్థానం ఆ పిల్లది. కళ్ళు మూయమన్నది తను. గుడ్డు పోయిందంటే రెండూ పోతాయి. ఆ లెక్క ఆయన మనసులో తేలేదాకా మేం ఓపిక పట్టాం.

"లయం" అన్నారు చివరికి. "చూసేదీ, చూడబడేదీ ఒకటైపోయాయి."

చప్పట్లు మారుమోగాయి. పానకాలరావు గారు చెమట తుడుచుకుని, ఫోను తెరిచి ఖాళీ పళ్ళేనికి ఫొటో తీసి యాప్‌లో ఎక్కించారు. "ధ్యానము సంపూర్ణము. పళ్ళెం శుభ్రముగా ఉన్నది. అభినందనలు" అని వచ్చింది. అప్పుడు పిల్లలకు అన్నం పెట్టారు. ఆ పూట మా బడిలో ఎవరూ గుడ్డును చూడలేదు, తాకలేదు, వినలేదు. పళ్ళెంలో పడటం ఆలస్యం, నోట్లో ఉంది.

లయమైతే అయింది, పెంకు ఏదని లెక్కల విభాగం వారు వారం తర్వాత అడిగారు. గుడ్డు విశ్వంలో కలిసినా పెంకు బడికి చెందుతుందట. ఆ సమయంలో ఏం చూశారో అక్కడ ఉన్న పెద్దవాళ్ళందర్నీ సంజాయిషీ రాసిమ్మన్నారు. ఏదైనా చూశానంటే కళ్ళు తెరిచినట్టు. కళ్ళు తెరిస్తే ఎరుక లేనట్టు. ఎరుక లేని ఉద్యోగిపై చర్య ఉంది. అందుకని ఎవరికి వాళ్ళు ఏమీ చూడలేదని రాశారు. దీనమ్మ వేలిముద్ర వేసి, "నా కళ్ళు గట్టిగా మూసుకునే ఉన్నయ్యి. పప్పు మాడిన వాసనొచ్చినా తెరవలా" అని చెప్పింది. నేను హిందీలో రాశాను. ఆ ఆఫీసులో హిందీ వచ్చినవాళ్ళు లేరు. నా సంజాయిషీ తృప్తికరంగా ఉందని జవాబు వచ్చింది.

ఆ సాయంత్రం సంగతి మాత్రం సంజాయిషీలో రాయలేదు.

షామియానా విప్పేశాక స్కూటరు మీద కాలవ గట్టు వెంట ఇంటికి పోతున్నాను. బట్టీ దగ్గర రోడ్డు పక్కన, ఒంటి మీద చొక్కా తప్ప ఏమీ లేని పిల్లాడొకడు నిలబడి ఉన్నాడు. ఇటుక దుమ్ముతో ఎర్రగా ఉన్నాడు. కొంచెం ముందు వెంగమ్మ చెప్పుల్లేకుండా నడిచిపోతోంది. రెండు చేతుల్తో ఎడమ బూటును, నిండు పాల గిన్నె పట్టుకున్నట్టు, కదలకుండా పట్టుకుని. కుడి బూటు సంకలో ఉంది. నేను స్కూటరు ఆపేశాను.

కొండడు పరిగెత్తుకొచ్చి బూటులో చెయ్యి పెట్టాడు. ఈసారి రెండో బూటు వెతకలేదు.

ఇటుకల దొంతి మీద కూచున్నాడు. గుడ్డును రెండు చేతుల్లో పట్టుకుని చూశాడు. బొటనవేలితో పెంకంతా తడిమాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత చెవి దగ్గర పెట్టుకుని ఊపి, కదులుతుందేమోనని విన్నాడు. వాడికివన్నీ ఎవరూ నేర్పలేదు. అప్పుడు ఇటుక అంచుకు కొట్టి, పెంకు ఒలిచి, తెల్లసొన చుట్టూ కొరుక్కుంటూ వచ్చాడు. లారీ హారను కొట్టుకుంటూ పోయినా తల తిప్పలేదు. పచ్చసొన చివరిదాకా ఉంచుకున్నాడు. దాన్ని రెండు ముక్కలు చేసి ఒకటి అక్కకిచ్చాడు.

"నాకొద్దు, నువ్వు తిను" అంది వెంగమ్మ. "ఇన్నాళ్ళు నేను చూస్తానే ఉన్నాగా."

వాడు అదీ తిని, వేళ్ళు నాకి, ఒళ్ళో పడ్డ పొడి ఒక్కొక్కటే ఏరుకుని నోట్లో వేసుకున్నాడు. ఆ రోజు మా మండలం మొత్తమ్మీద ఐదు మెట్లూ ఒక్కటీ తప్పకుండా, పూర్తి ఎరుకతో గుడ్డు తిన్నది వాడొక్కడే. బడి ఎరుక లెక్కలు చూసే నోడల్ ఉపాధ్యాయుణ్ణి కాబట్టి యాప్‌లో ఎక్కిద్దామని ఫోను తీశాను. వాడి పేరు అందులో లేదు. వాడి ఆధార్ పక్క జిల్లాలో ఉంది.